ఊరివైపు తిరిగిన దీపం

పాఠక మహాశయులారా, మా కెటిల్ బే రేవును కనిపెట్టిన కెప్టెన్ క్రాండన్ గారికి రేవుల మంత్రి పదవి వచ్చింది. న్యూజీలాండ్ దక్షిణ తీరమంతా ఇక ఆయన చేతిలోనే. ఆయన ఓడలో వంటవాణ్ణి కనక, ఆ కనిపెట్టడం కళ్ళారా చూసిన భాగ్యం నాది.

ఓడ బండకేసి పోతుంటే అక్కడి మూలవాసులు మావోరీలు పడవల్లో ఎదురొచ్చి రెండు చేతులూ గట్టిగా ఊపారు. అది స్వాగతమనుకుని కెప్టెన్ గారు టోపీ తీసి ఊపారు. ఓడ రెండు ముక్కలైంది. ఆయన మెడలోతు నీళ్ళలో నిలబడి, "ఈ రేవును నేను ఎంచుకున్నాను," అని ప్రకటించారు.

ఇక్కడ సొంత ఇల్లున్న మగవాడికే ఓటు. మాకు కట్టుబట్టలు తప్ప ఏమీ మిగల్లేదు. కెప్టెన్ గారు ఊరుకుంటారా? ఓడను కోయించి, మనిషికో గది ఒడ్డున పెట్టించి, పట్టాలిచ్చారు. నాకు వంటగది వచ్చింది. పడుకుంటే కాళ్ళు పొయ్యిలో ఉంటాయి. అయితేనేం, ఓటరునయ్యాను. ఆయన ఎన్నికలో నిలబడి, బండ దగ్గర దారి చూపే దీపం పెట్టిస్తానన్నారు, అందరం చేతులెత్తి గెలిపించాం.

అన్నమాట ప్రకారం దీపం వచ్చింది. కొండమీద ఆయన ఇంటి పక్కన స్తంభమెక్కింది. మొహం ఊరివైపు, సముద్రంవైపు అడ్డంగా రేకు.

చేపలవాడు మాగ్నస్ భార్య ఇస్బెల్ వెళ్ళి అడిగింది. "కెప్టెన్ గారూ, మా ఆయన వేటకెళ్ళాడు. దీపం ఇటు తిప్పారేంటి?"

"సముద్రంలో ఓటర్లెవరున్నారమ్మా?"

"మా ఆయన."

"ఒడ్డుకొచ్చాక చూస్తాడులే."

కెప్టెన్ గారు మంత్రిగా ప్రమాణస్వీకారానికి రాజధానికి వెళ్ళారు. ఆయన తిరిగొచ్చే రోజు సాయంత్రం పొగమంచు దిగింది. మాగ్నస్ రావలసిన రోజు దాటి రెండు రోజులైంది. ఇస్బెల్ నిచ్చెన మోసుకొచ్చింది.

"డాన్ బాబాయ్, ఇది పట్టుకో," అంది నాతో.

"సర్కారు దీపం తల్లీ. ముట్టుకుంటే జైలే."

"జైలు నీ ఇంటికన్నా విశాలంగానే ఉంటుందిలే. నడు."

దీపాన్ని సముద్రంవైపు తిప్పింది. గంట తిరక్కుండా మాగ్నస్ పడవ బండను తప్పించుకుని ఒడ్డుకొచ్చింది. ఇస్బెల్ వాణ్ణి నోరారా తిట్టి, తర్వాత పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి.

మాగ్నస్ వెనకాలే మంత్రిగారి ఓడ. దానిలో జరిగింది చుక్కాని పట్టినవాడు తర్వాత చెప్పాడు.

"దొరగారూ, అదుగో మన దీపం."

"మన దీపం సముద్రానికి కనపడదయ్యా. పెట్టించింది నేను, నాకు తెలియదా? ఇది వేరే ఊరు. పోనియ్."

వారానికి నాకు ఉత్తరం వచ్చింది. కెప్టెన్ గారు మళ్ళీ మెడలోతు నీళ్ళలో నిలబడి పక్క రేవును ఎంచుకున్నారట. అక్కడ దీపం పెట్టిస్తామని మాటిచ్చారట. వచ్చే నెల్లో ఎన్నిక, వెంటనే రమ్మన్నారు. నాకు ఇల్లు కూడా సిద్ధమట. మళ్ళీ వంటగదే, కాకపోతే పొయ్యి కాస్త పెద్దదట.