వంగనన్న అట్ట

"వేడి గిన్నె కింద ఏదైనా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఈ బల్ల మీద ఇప్పటికే మూడు తెల్లమచ్చలున్నాయి."

"మూడోది నాది కాదు. మీ తమ్ముడిది."

"వాడొచ్చి రెండేళ్లయింది!"

"అయితే? మచ్చేమైనా వాడితోపాటు వెళ్లిపోయిందా?"

పొద్దున్నే ఓడిపోవడం పెద్దాయనకు గిట్టదు. నలభై ఏళ్లు పుస్తకాలు బైండు చేసిన మనిషి. చేతికందిన మందపాటి అట్ట ఒకటి తీసి బల్లమీద ఠపీమని పడేశారు. పొగలు కక్కుతున్న పాలగిన్నెను దానిమీద పెట్టి, "చాలా?" అన్నారు భార్యతో.

కాసేపటికి గిన్నె తీసి చూస్తే అట్ట దోనెలా వంగిపోయి ఉంది. దాని మూల మీద కోడలి చేతిరాత: 'సీనియర్ గారి వరుస'.



కోడలు సర్క్యూట్ బోర్డులు గీసే ఇంజనీరు. వారం రోజులుగా ఇంట్లో ఇదే మాట. కొత్త బోర్డుకు ఆరు పొరలు. నాలుగింటి మీద సన్నని రాగి గీతలు, మిగతా రెండూ నిండు రాగిరేకులు. ఆ రేకులు ఎక్కడ ఉండాలన్నదే తగువు. పైనుంచి రెండోది, మూడోది అన్నాడు ఆఫీసులో ఆమె సీనియర్. రెండోది, అయిదోది అంది కోడలు. రాగి ఒకవైపే పోగైతే టంకం వేసే ఓవెన్ వేడికి బోర్డు వంగుతుందని ఆమె వాదన. "అవన్నీ పుస్తకాల్లో మాటలమ్మా" అని సీనియర్ నవ్వేశాడట. అందుకే రెండు వరుసల్నీ అట్టముక్కలు, రాగిరేకులు కలిపి అతికించి నమూనాలు చేసుకుంది. పదింటికి మీటింగు. అక్కడ ఒప్పించలేకపోతే సీనియర్ వరుస కింద తనే సంతకం పెట్టాలి. ఆమె పేరు మీద వెళ్లే మొదటి బోర్డు అది.

ఆమె స్నానానికి వెళ్లింది. పెద్దాయన చేతిలో ఉన్నది పావుగంట.

అట్ట సాపు చేయడం ఆయనకొక పనా! తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేశారు. దోనె కాస్తా గొట్టం కాబోయింది. దానిమీద నాలుగు నిఘంటువులు పేర్చి, తీసి చూశారు. మళ్లీ లేచింది. చివరికి అట్టను పీట కింద దూర్చి భార్యను పిలిచారు.

"ఒకసారి దీనిమీద కూర్చో."

"ఎందుకూ?"

"బరువు కావాలి."

"ఏమన్నారూ?"

"మర్యాదగానే అన్నానే! కోడలి అట్ట వంగిపోయింది, కూర్చుందూ."

కోడలి పేరు వినేసరికి ఆవిడ కళ్లెర్రజేస్తూనే కూర్చుంది. అయిదు నిమిషాలకు లేచింది. ఆవిడతోపాటే అట్టా లేచింది.

అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. "రెండోదాన్నీ వంచేస్తాను. రెండూ ఒకేలా ఉంటే గాలిలో తేమకి వంగాయనుకుంటుంది."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది ఆవిడ.

రెండో అట్టను ఇస్త్రీ చేశారు. వంగలేదు. తిరగేసి చేశారు. వంగలేదు. పట్టుదల వచ్చి, పెనం కాల్చి దానిమీద పెట్టారు. అంచు గోధుమరంగుకు తిరిగింది గానీ అట్ట మాత్రం పలకలా సాపుగా ఉంది.

పెద్దాయన చేతులు ఆగిపోయాయి. అట్టను కంటి ఎత్తుకు పట్టుకుని అంచు చూశారు. పైనుంచి రెండో పొర ఒక రేకు, కిందనుంచి రెండో పొర ఒక రేకు. వంగినదాన్ని చూశారు. రెండు రేకులూ ఒకేవైపు.

"ఓరి నీ దుంపతెగ! ఒకపక్కే అతికిస్తే అట్ట వంగక ఏం చేస్తుంది? రెండోపక్క కూడా కాగితం వేసి లాగి పట్టాలి కదా! ఈ సీనియర్ ఎవడో గానీ, నా దగ్గర ఒక్కపూట కూడా నిలిచేవాడు కాదు."

"ఏంటి మామయ్యా, కాలుతోంది?"

తడిజుట్టుతో కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన రెండు అట్టల్నీ వీపు వెనక దాచారు.

"చెప్పండి" అంది అత్తగారు. "నన్ను దేనిమీద కూర్చోబెట్టారో కూడా చెప్పండి."

చెప్పక తప్పలేదు. వింటున్నంతసేపూ కోడలి మొహంలో రంగులు మారాయి. వంగిన అట్టను బల్లమీద పెట్టి ఒక మూల నొక్కింది. రెండో మూల లేచింది.

"రెంటికీ ఒకే వేడా మామయ్యా?"

"నీదానికే ఎక్కువమ్మా. పెనం కూడా పెట్టాను. తప్పే."

"నిజంగా?"

"ఈ చేతుల మీద ఒట్టు."

ఆమె రెండింటినీ సంచిలో వేసుకుని, తల కూడా దువ్వుకోకుండా పరుగెత్తింది. తిట్టినా బాగుండేదని పెద్దాయన రోజంతా ఇల్లు కొలుస్తూ తిరిగారు.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"మీటింగులో నేను పెద్దగా ఏమీ మాట్లాడలేదత్తయ్యా. రెండూ ముందు పెట్టి, వేడి చేస్తే ఇలా అయ్యాయన్నాను. సీనియర్ గారు వంగినదాన్ని మూడుసార్లు నొక్కి చూశారు."

"నొక్కితే వింటుందా అది! నా మాటే వినలేదు" అన్నారు పెద్దాయన.

"ఈ పరీక్ష చేసిందెవరని అడిగారు. మా మామయ్యగారన్నాను. ఆయనేం చదివారని అడిగారు."

అత్తగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏం చెప్పావే?"

"మన ఆఫీసంతా కలిసి చదివినవాటికంటే ఎక్కువ పుస్తకాలు ఆయన చేతిలోంచి వెళ్లాయన్నాను."

పెద్దాయన కంచంలోకి చూస్తూ వెన్ను నిటారుగా చేసుకున్నారు.

"బోర్డు నా వరుసలోనే వెళ్తోంది. సంతకం నాదే" అంది కోడలు. "ఇంకో మాట కూడా ఖాయమైంది మామయ్యా. ఇకమీదట ఏ వరుసైనా ముందు అట్టతో చేసి మీకు చూపించాలట. ఎల్లుండి ఆఫీసుకు రమ్మన్నారు."

"చూద్దాంలే, ఖాళీ ఉంటే" అన్నారు పెద్దాయన గంభీరంగా.

ఆయన ఖాళీగా ఉండబట్టి అప్పటికి ఆరేళ్లు.