అధ్యక్షురాలి కుర్చీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీరు: పదో తరగతి చదివే శ్రావణి, ఆమె అమ్మ ఈశ్వరి, నాన్న గణపతిరావు, నాన్నకి అన్న అయిన రాముడు పెదనాన్న, ఆ అన్నదమ్ముల్ని కన్న తవిటమ్మ మామ్మ. వీళ్ళు కాక, బడి నుంచి అడిగి తెచ్చిన ఒక చేతుల కుర్చీ. కుర్చీని మనుషుల్లో కలపడానికి కారణం ఉంది. ఆ పూట ఇంట్లో అందరికంటే ముఖ్యమైనది అదే.

ఈశ్వరి ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. దేశంలోని మహిళా సంఘాలన్నిటినీ ఒక్కచోటికి చేర్చే జాతీయ సమాఖ్య ఒకటుంది. అందులో చేరితే అధ్యక్షురాలిని ఢిల్లీ మహాసభకి పిలుస్తారు. సాలూరు దాటి ఎరగని ఈశ్వరి అప్పుడే చక్రాల పెట్టె కొని మంచం కింద దాచింది. ఇక సమాఖ్య తరఫున శ్రీలలిత గారు వచ్చి, ఈశ్వరి ఇంట్లో జరిగే సంఘం సమావేశం చూసి సంతకం పెట్టడమే మిగిలింది. "అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుని ధైర్యంగా నడపాలి సుమా" అని ఆవిడ ముందే ఫోనులో చెప్పింది.

చిక్కల్లా అక్కడే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఈశ్వరి బావగారి ఎదుట కూర్చోలేదు. అందుకే తెల్లవారగానే మొగుడికి పని పురమాయించింది.

"మీ అన్నని సాలూరు తీసుకెళ్ళిపో. లారీ బేరమున్నాదని సెప్పు. సాయంత్రం దాకా తేకు."

గణపతిరావు చెప్పాడు. రాముడు వింటేనా? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వసారాలో బల్ల మీద కూర్చున్నాడు. "ఢిల్లీ మనిషొస్తంటే ఇంటికి పెద్దోడు నేకపోతే ఏటి బాగుంటాదిరా? నువ్వే నెల్లిమర్లెళ్ళి కూల్‌డ్రింకులు అట్టుకొచ్చీ."

"అమ్మా, పెదనానకి ఉన్నమాట సెప్పీ" అని శ్రావణి గొణిగింది.

"బావగారిని లెగమంటామేటే గుంటా? సిగ్గునేదా?" అంది ఈశ్వరి. శ్రావణికి సిగ్గు ఎక్కువే. నోరు మూసుకుంది.

శ్రీలలిత గారు శ్రీకాకుళం కోడలు, ఢిల్లీలో ఉద్యోగం. ఆ ఉదయం అత్తవారింటి నుంచే బయల్దేరి వచ్చింది. వచ్చీ రాగానే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉన్న చేతుల కుర్చీ చూపించింది. "కూర్చోండమ్మా, మొదలుపెడదాం."

"మోకాలు నొప్పండి. డాక్టరు కూకోవద్దన్నాడు" అంది ఈశ్వరి.

"అయ్యో! అధ్యక్షురాలు నిలబడితే మేమెలా కూర్చుంటాం?" అని ఆవిడ లేచింది. ఆవిడ లేచిందని సంఘమంతా లేచింది. ఇంతమంది ఆడవాళ్ళు తన ఎదుట లేచి నిలబడేసరికి రాముడి మనసు నిండిపోయింది. కాలు మీద కాలు వేసుకుని ఇంకాస్త స్థిరపడ్డాడు.

"ఇప్పుడందరూ కళ్ళు మూసుకోండి. మీ ఇంట్లో మీకు దక్కని సమానత్వం గురించి ఒక్క నిమిషం మౌనంగా ఆలోచించండి" అంది శ్రీలలిత గారు.

సరిగ్గా అప్పుడే గణపతిరావు తిరిగొచ్చాడు. ఆడవాళ్ళంతా తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉన్నారు. వసారాలో తల్లి మంచం ఖాళీగా ఉంది. తవిటమ్మ పెరట్లో తలంటుకుంటోందని అతనికేం తెలుసు? చేతిలో సంచి జారవిడిచి, "అమ్మోయ్, నన్నొగ్గీసి ఎలిపోనావా!" అని కూలబడ్డాడు.

ఆ కేక వీధి చివరి దాకా వెళ్ళింది. ఎదురింటి లక్ష్మణమ్మ ఏడుపుల్లో మంచి పేరున్న మనిషి. పరుగెత్తుకొస్తూనే తవిటమ్మ గుణగణాలు రాగంలో ఎత్తుకుంది. ఆమె వెనకే సగం వీధి వచ్చింది. సంఘం ఆడవాళ్ళు కళ్ళు తెరిచి, సంగతి తెలియకపోయినా ఏడవకపోతే బాగుండదని ఏడ్చారు. సమానత్వం తలచుకుని ఇంతగా ఏడ్చే ఊరిని శ్రీలలిత గారు ఎక్కడా చూడలేదు. ఆవిడకీ కళ్ళు చెమర్చాయి.

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని తవిటమ్మ వచ్చింది. గుంపులో దూరి, లక్ష్మణమ్మ మెడ కావిలించుకుని తానూ కాసేపు ఏడ్చి, అప్పుడు అడిగింది.

"ఇంతకీ ఎవులే పోనారు?"

"నువ్వే అప్పా!" అంది లక్ష్మణమ్మ.

"నానా? మరి నాకు సెప్పరేటే?" అంటూ తవిటమ్మ నీరసంగా అధ్యక్షురాలి కుర్చీలో చతికిలబడింది.

గణపతిరావు ముక్కు తుడుచుకుని పెళ్ళాం మీద లేచాడు. "మరి అందరూ అలగ నిలబడ్డారేటే?"

"ఈశ్వరి గారికి మోకాలు నొప్పి కదండీ, అందుకని" అంది శ్రీలలిత గారు.

"మోకాలు నొప్పేటి? పొద్దున్నే అటకెక్కి గిన్నెలు దించినాది!"

అందరూ ఈశ్వరి వైపు చూశారు. ఈశ్వరి నేల వైపు చూసింది. అప్పుడు శ్రావణి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నలుగురికీ వినబడేలా మాట్లాడింది.

"పెదనాన ముందు అమ్మ కూకోదు."

రాముడు ఉలిక్కిపడి లేచాడు. "నానెప్పుడు కూకోవద్దన్నానమ్మా? ఇన్నేళ్ళూ నీకు కీళ్ళనొప్పులనుకున్నాను. ఆకుమందు కూడా ఎతికించేను!"

శ్రీలలిత గారు బల్ల మీద కూర్చుని పెన్నుకి మూత పెట్టింది. "బావగారి ముందు కూర్చోలేని అధ్యక్షురాలు ఢిల్లీలో ఏం మాట్లాడుతుందమ్మా? ఈ ఏడాదికి వద్దులెండి."

ఈశ్వరి కళ్ళలో ఈసారి నిజమైన నీళ్ళు తిరిగాయి.

అంతలో శ్రీలలిత గారి ఫోను మోగింది. వీడియో కాల్. తెర చూస్తూనే ఆవిడ ఎగిరి నిలబడి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. "నమస్కారం మావయ్యగారూ."

"అమ్మాయ్, నా కళ్ళజోడెక్కడెట్టేవు?" అన్నాడు ఫోనులోంచి శ్రీకాకుళం పెద్దాయన. అది ఏ అలమరలో ఉందో, ఏ అర వెనక ఉందో చెప్పినంతసేపూ ఆవిడ తల వంచుకుని నిలబడే ఉంది. సంఘం మొత్తం కన్నార్పకుండా చూసింది.

"కూకోండమ్మా" అంది తవిటమ్మ కుర్చీలోంచి. "మీకూ మోకాలు నొప్పేటి?"

శ్రీలలిత గారు పెన్ను మూత తీసి సంతకం పెట్టింది. ఈశ్వరి పెట్టె దాచిన మంచం వైపు ఒకసారి చూసుకుంది.

అలమరలో కళ్ళజోడు దొరకలేదు కాబోలు, ఫోను మళ్ళీ మోగింది. ఆవిడ గబగబా పక్క గదిలోకి వెళ్ళింది. శ్రావణి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని వెనకాలే వెళ్ళి, గుమ్మంలో నిలబడి, నోరు విప్పడం ఇప్పుడు కాస్త అలవాటైంది గనక చెప్పింది.

"మేడమ్, ఫోన్లో మోకాళ్ళు కనబడవు. కూకోండి."

తలుపు శ్రావణి మొహం మీదే మూసుకుంది. కుర్చీ మాత్రం బయటే ఉండిపోయింది.