మూడో బెంచీ దాటని గిటారు

రెండో శనివారం కాబట్టి ఆఫీసు లేదు. ఆ పొద్దున సెబాస్టియన్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం లోపల తన గిటారు గొంతు విప్పించాలి.

యానాం చర్చి గాయకబృందంలో అతను పెళ్ళికి ముందు నుంచీ గిటారు వాయిస్తున్నాడు. గవర్నమెంటు ఆఫీసులో అతనొక గుమాస్తా. అక్కడ అతను ఉన్నా లేకపోయినా ఫైళ్ళు వాటి దారిన అవి నడుస్తాయి. ఆదివారం పూట బృందంలో ఎడమ పక్కన గిటారు పట్టుకుని నిలబడ్డ కాసేపే తానూ ఒక మనిషినని అతనికి అనిపిస్తుంది. అలాంటిది, బృందాన్ని నడిపించే లూయిస్ మాస్టారు పోయిన వారం అందరి ముందూ అనేశారు.

"సెబాస్టియన్, నీ గిటారు మూడో బెంచీ దాటి వినపడట్లేదయ్యా. వినపడిందైనా దుప్పటి కప్పుకుని మాట్టాడినట్టుంటంది. ఫాదర్‌గారు శనివారం సాయంత్రం ప్రాక్టీసుకొచ్చి వింటానన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే కీబోర్డు కొనేద్దాం అంటన్నారు."

కీబోర్డు వస్తే గిటారు మూల పడాల్సిందే. ఆ పక్కన ఉన్న ప్లగ్గు ఒక్కటే మరి.

సెబాస్టియన్‌కి బాధగానే ఉంది గానీ, బాధకంటే ముందు ఆరా పుట్టుకొచ్చింది. అది అతని స్వభావం. ఫ్యాను ఆగిపోతే చెమట తుడుచుకోవడం మానేసి, ఎందుకు ఆగిందా అని విప్పదీసే రకం. తీగ మీద గంటలా మోగే స్వరం ఆంప్లిఫయర్‌లోకి వెళ్ళి జలుబు చేసిన మనిషిలా ఎందుకు బయటికొస్తోంది? కొన్న కొత్తలో ఇదే పెట్టె ఎంత చక్కగా మోగేదని! తీగలు మార్చాడు. ట్రెబుల్ మీట చివరిదాకా తిప్పాడు. వెనక చెక్క విప్పి ప్రతి స్క్రూ బిగించాడు. జలుబు తగ్గలేదు.

చివరికి కాకినాడలో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించే మేనల్లుడు ప్రవీణ్‌ని అడిగితే, ఒక సంచీ నిండా పెడల్స్ పంపించాడు. కాలితో నొక్కే చిన్న చిన్న ఇనప పెట్టెలు. ఎలా వాడాలో ఆ పొద్దున ఫోన్లో చెప్పాడు.

"ముందు కంప్రెసర్ పెట్టు మావయ్యా. అది పెద్ద చప్పుణ్ణీ చిన్న చప్పుణ్ణీ ఒక వరసలోకి తెస్తది. తర్వాత ఓవర్‌డ్రైవ్. అందులో డ్రైవ్ మాత్రం సున్నాలో ఉంచి, టోనూ లెవెలూ పెంచు. అప్పుడు గరగర రాకుండా క్లీన్ టోన్‌కి మెరుపొస్తది. ఆఖర్న ఈక్వలైజర్. దాన్లో పుల్లల్లాంటి మీటలుంటాయి, కుడిపక్కవి పైకి తొయ్యి."

"ఎంతదాకా తొయ్యమంటావు?"

"కొంచెం కొంచెం పెంచుకుంటా విను మావయ్యా."

ఆ 'కొంచెం కొంచెం' సెబాస్టియన్ చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

సంచీలో పెడల్‌కీ పెడల్‌కీ కలిపే పొట్టి వైర్లు లేవు. సెబాస్టియన్ ఏమాత్రం కంగారు పడకుండా, పాడైపోయిన టేప్‌రికార్డర్ వైర్లు కోసి తనే తయారు చేశాడు. స్వరం ఎంత దూరం పోతోందో కూడా తేలాలి కాబట్టి సరంజామా అంతా డాబా మీదికి చేర్చి, భార్య జోసెఫిన్‌ని వీధి చివర నిలబెట్టాడు.

"వినపడతందా?" అని పైనుంచి కేకేశాడు.

"కాకులు వినపడతన్నాయండీ!"

కంప్రెసర్ నొక్కాడు. "ఇప్పుడో?"

"ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది!"

ఓవర్‌డ్రైవ్ కూడా నొక్కి లెవెల్ పెంచాడు. గిటారు కాస్త ముందుకొచ్చింది గానీ, దాంతోపాటు గుయ్యిమని ఒక మోత కూడా బయలుదేరింది. ఈ మోత ఎక్కడిది? అటూ ఇటూ తడుముతుంటే, బట్టలారేసే ఇనపతీగ మీద చెయ్యి పడగానే మోత తగ్గింది. చెయ్యి తీస్తే పెరిగింది. సెబాస్టియన్‌కి జ్ఞానోదయమైంది. ఎర్తింగు దొరికింది! ఒక వైరు ముక్కతో పెడల్‌నీ ఆ తీగనీ కలిపి కట్టేశాడు. డాబా ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగి, జోసెఫిన్ చీరల్ని మోస్తున్న ఆ తీగ భూమిని ఎక్కడా తాకడం లేదనీ, ఆకాశానికే దగ్గరగా ఉందనీ అతనికి తట్టలేదు. జోసెఫిన్ ఎండకి తాళలేక చేపలమ్మే చిట్టెమ్మ ఇంటి అరుగు నీడకి వెళ్ళిపోయిందని కూడా తెలియలేదు.

ఈక్వలైజర్ పుల్లలు పైకి తోసి, వాల్యూం పూర్తిగా తిప్పి, బలంగా ఒక్క మీటు మీటాడు. ఆ స్వరం తగ్గుతూ ఉండగా దాని వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు తీరిగ్గా పలికింది.

"...పాండిచ్చేరి తీరాల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు. వెళ్ళినవారు వెంటనే తిరిగి రావాలి."

సెబాస్టియన్ ఉలిక్కిపడి, మరుక్షణమే మురిసిపోయాడు. బట్టల తీగ ఏరియల్, గిటారు రేడియో అయిపోయాయి! ఆవిడ ఏం చెప్పిందన్నది అతని బుర్రకెక్కలేదు, ఎలా చెప్పగలిగిందన్నదే ఎక్కింది. ఆ బట్టల తీగ లాగి బిగిస్తే గొంతు ఇంకా తేటపడింది. ఒక పుల్ల పైకీ ఒక పుల్ల కిందకీ జరిపాడు. వార్తల ముఖ్యాంశాలు మరోసారి వచ్చే వేళకి అందులో ప్రతి అక్షరమూ ముత్యంలా వచ్చేట్టు చేశాడు. వాక్యం మొదట్లో ఉన్న 'దక్షిణ తమిళనాడు' దగ్గర మాత్రం అతని మోచెయ్యి గిటారు తీగలకు తగిలి జంయ్యిమంది.

పాండిచ్చేరి పట్నానికీ యానానికీ మధ్య ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. కానీ యానాం పాలన పాండిచ్చేరిదే కాబట్టి, రేషను కార్డు మీదా, ఆఫీసు బోర్డు మీదా, జీతం బిల్లు మీదా పాండిచ్చేరి అనే చూసీ చూసీ, సముద్రం కూడా ఆ ఖాతాలోనే వస్తుందని యానాం వాళ్ళు అనుకుంటే అందులో తప్పేముంది?

చేపల బుట్ట నెత్తినెట్టుకుని కింద వీధిలో వెళుతున్న చిట్టెమ్మ అక్కడే ఆగిపోయింది. సునామీ వచ్చి వెళ్ళి ఏడాదైనా సముద్రం పేరు చెబితే గుండెలు అదురుతున్న రోజులవి. ఆమె బోటు మీదున్న మొగుడికి సెల్ఫోన్ కొట్టింది.

"వచ్చెయ్యండి! గవర్నమెంటాయన డాబా మీద మైకెట్టి చెప్పేత్తన్నారు!"

గోరంత మాట పక్క పల్లె దరియాలతిప్ప చేరేసరికి తుఫానైంది. కనకాలపేట చేరేసరికి తాటిచెట్టంత అలని కళ్ళారా చూసినవాళ్ళు కూడా తేలారు. కొట్ల షట్టర్లు దడదడా పడ్డాయి. ఆటోలు జనాన్ని తెచ్చి చర్చి ముందు దింపసాగాయి. లూయిస్ మాస్టారు స్వయంగా తాడు పట్టుకుని గంట కొట్టడం మొదలుపెట్టారు.

డాబా మీద సెబాస్టియన్ ఇవేవీ ఎరగడు. గోదావరిలో బోట్లన్నీ బారులు తీరి వెనక్కి రావడం చూసి, ఇంత పెందలాడే ఎందుకొస్తున్నాయా అని కుతూహలపడుతున్నాడు. ఇంతలో జోసెఫిన్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏమండీ, తుఫానంట! మైకులో చెప్పారంట!"

"ఏ మైకులో?"

"మన డాబా మీద మైకంట!"

మోచెయ్యి తగిలిన చోట రేడియో ఆవిడ 'దక్షిణ తమిళనాడు' అందని సెబాస్టియన్‌కి అప్పుడు తట్టింది. అక్కడే కూలబడ్డాడు. జోసెఫిన్ కంగారు జోసెఫిన్‌ది. "అలా కూర్చుంటారేంటండీ? పెట్టె తడిసిపోదూ? చర్చికి తీసుకుపోదాం" అని, పెడల్స్ తీగకే వదిలేసి, ఆంప్లిఫయర్‌ని కిందకి దింపించి ఆటో ఎక్కించింది. అసలు సంగతి చెప్పే ధైర్యం చాలక సెబాస్టియన్ గిటారు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

ఎక్కించేటప్పుడు ఆటో కొక్కెం తగిలి పెట్టె ముందున్న నల్లగుడ్డ బర్రున చిరిగింది. చిరిగిన చోట స్పీకరు కనిపించాలి. కానీ ఎర్రపూల బొంత కనిపించింది.

"జోసెఫిన్, ఇదేంటి?"

"మన పాత బొంత ముక్కండీ. గోదారి గాలికి దుమ్మూ, బొద్దింకలూ దూరిపోతన్నాయని పోయిన వానాకాలం మీ స్క్రూడ్రైవరుతోనే ముందు చట్రం ఊడదీసి, లోపల రెండు మడతలు వేసి బిగించాను. టీవీకి ముసుగు కుట్టాను, మిక్సీకి కుట్టాను. దీనికొక్కదానికీ కుట్టకపోతే మీరు ఊరుకుంటారా?"

సెబాస్టియన్ చిరుగులో వేలు పెట్టి చూశాడు. ఆ పెట్టెలో అతను విప్పనిది ముందు చట్రం ఒక్కటే. అక్కడ గుడ్డ తప్ప ఏముంటుందిలే అనుకున్నాడు. నిజంగానే గుడ్డ తప్ప ఏమీ లేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానని తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది. బొంత ముక్క పీకి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చర్చి నిండా జనం. పిల్లలు ఏడుస్తున్నారు, ముసలివాళ్ళు జపమాలలు తిప్పుతున్నారు. బయట ఎండ మాడ్చేస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే గిటారు పోవడం ఖాయమని సెబాస్టియన్‌కి తెలుసు. కానీ చిట్టెమ్మ మొగుడి చెయ్యి వదలకుండా కూర్చోవడం చూశాక ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"ఫాదర్, తుఫాను లేదండి" అన్నాడు. "అది మైకు కాదు, నా గిటారు. రేడియో వార్తలు పట్టేసింది. అందులో చెప్పిన పాండిచ్చేరి మనం కాదండి, ఆ పాండిచ్చేరి."

ఫాదర్‌గారు సెల్ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి తలూపారు. తుఫాను లేదన్నమాట నిజమేనన్నారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. వేట మధ్యలో వదిలి వచ్చినవాళ్ళు తిట్టారు. తిట్లు న్యాయమైనవే కాబట్టి సెబాస్టియన్ తల వంచుకుని విన్నాడు. చిట్టెమ్మ మాత్రం జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"గిటారు మాట్టాడ్డమేంటండీ? ఏదీ, మాట్టాడించండి చూద్దాం!"

ఆ మాటతో తిట్లు ఆగి, అందరి మెడలూ సాగాయి. సెబాస్టియన్ ఆ ఒక్క ప్లగ్గులో వైరు పెట్టి, పెడల్ లేదు గిడల్ లేదు, గిటారుని నేరుగా పెట్టెకి తగిలించి, ఆదివారం పాట ఎత్తుకున్నాడు. స్వరం తేటగా, గంటలా మోగుతూ ఆఖరి బెంచీ దాటి, గుమ్మం దాటి, బయట ఆటోలవాళ్ళని వెనక్కి తిరిగేట్టు చేసింది. ఏడుస్తున్న పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. పాట అయ్యేసరికి సెబాస్టియన్‌కి కళ్ళు చెమర్చాయి, సంతోషంతోనే.

"వార్తలు చెప్పట్లేదేంటండీ?" అంది చిట్టెమ్మ, మోసపోయిన మొహంతో.

ఫాదర్‌గారు నవ్వాపుకుని లూయిస్ మాస్టారి వైపు తిరిగారు. "ఏం మాస్టారూ, మూడో బెంచీ దాటిందా?"

గంట తాడు లాగి లాగి ఎర్రబడ్డ అరచేతులు చూసుకుంటూ మాస్టారు అన్నారు. "ఆయ్, దాటిందండి. దరియాలతిప్ప దాకా ఎళ్ళొచ్చింది."

కీబోర్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెడల్స్ కాకినాడ వెళ్ళిపోయాయి, బొంత ముక్క మిక్సీకి చేరింది. చిట్టెమ్మ మాత్రం ఇప్పటికీ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, "అయ్యా, మావోణ్ణి ఇయ్యాల వేటకి పంపమంటదా మీ గిటారు?" అని అడుగుతుంది. సెబాస్టియన్ లోపలికెళ్ళి, రేడియో విని వచ్చి, గిటారు పంపమందని చెబుతాడు.