ఒక రోజు ముందొచ్చిన నెలవంక

ప్రొద్దుటూరులో ఆ పొద్దున్నే తహసీన్ తెల్లకాగితం మీద గ్లాసు బోర్లించి గుండ్రంగా గీత గీసుకుంది. కువైట్ నుంచి అన్న తెచ్చిన టెలిస్కోపు మిద్దె మీద సిద్ధంగా ఉంది. సాయంత్రం శుక్రగ్రహాన్ని చూస్తూ ఆ గుండ్రంలో బొమ్మ వేయాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన గ్రహాల బొమ్మల పోటీకి అదే ఆఖరి రోజు. కొన్నాళ్లుగా పట్టిన మబ్బు విడిపోవడంతో ఆమెకు కాలు నిలవలేదు. ఆ సాయంత్రమే ఊరంతా, రోజా ఉపవాసాలు మొదలుపెట్టే రంజాన్ నెలవంక కోసం ఆకాశం చూస్తుందని తెలుసుగానీ, దానికీ దీనికీ ముడిపడుతుందని ఆమె అనుకోలేదు.

పొద్దు గూకగానే శుక్రుడు దొరికాడు. మామూలు కంటికి చుక్కలా మెరిసేవాడు టెలిస్కోపులో సన్నని కొడవలిలా వంగి కనిపించాడు. తహసీన్ పెన్సిల్ చెక్కుకుని వద్దామని కిందికి పరుగెత్తింది. అంతలో ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దెక్కిన అత్తగారు మాబున్ని టెలిస్కోపుకు కన్ను ఆనించింది.

నెలవంక కనపడిందని ఆమె వెంటనే జమ్మలమడుగులోని చెల్లెలు షంషాద్‌కు ఫోన్ చేసింది. షంషాద్ సింహాద్రిపురంలో ఉన్న కూతురు సుహానాకు చెప్పింది. సుహానా బంధువుల గ్రూపులో పెట్టింది. కాసేపటికే ఆ వార్త ప్రొద్దుటూరు బజారులో బట్టల అంగడి నడిపే తహసీన్ భర్త అలీ అహ్మద్‌కు చేరింది. అప్పటికది జమ్మలమడుగులో ఒకరు, సింహాద్రిపురంలో ఒకరు కళ్లారా చూసినట్టుగా మారింది. రెండు ఊళ్ల సాక్ష్యం దొరికిందని అలీ అహ్మద్ ఖర్జూరాలు కొనుక్కుని, మసీదు ఇమాం అమీర్ బాషా దగ్గరికి ఉరికాడు.

ఇమాం తొందరపడలేదు. మొట్టమొదట చూసిందెవరని ఆరా తీశాడు. సుహానాకు ఫోన్ చేస్తే అమ్మ అంది. షంషాద్‌కు చేస్తే అక్క అంది. ఆ అక్క తన తల్లేనని అలీ అహ్మద్‌కు వేరే చెప్పనక్కర్లేదు.

వాళ్లు మిద్దెక్కేసరికి సగం వీధి అక్కడే ఉంది. అది చంద్రుడు కాదని తహసీన్ అందరికీ చెబుతోంది, వినేవాళ్లు లేరు. శుక్రుడు కిందికి జారిపోతున్నాడు. ఇమాం వంగి చూశాడు. ముఖం వెలిగిపోయింది. తల ఎత్తి అదే దిక్కున ఆకాశం చూశాడు. మళ్లీ వంగాడు.

"ఇదేంది తల్లీ, ఈడ చూస్తే వంక, ఆడ చూస్తే చుక్క?"

"అది శుక్రుడు హజరత్. చంద్రుని మాదిరే అదీ పెరుగుతాది, తరుగుతాది. దాని బొమ్మ వేద్దామనే పొద్దున్నుంచీ కాసుకోనుండా."

"అట్లయితే రేపు రోజా లేదు," అని ఇమాం తేల్చేశాడు.

జనం గొణుక్కుంటూ దిగిపోయారు. ఇమాం మాత్రం ఇంకొక్కసారి చూస్తానని ఆగాడు. తహసీన్ బొమ్మ వేస్తుంటే సెల్‌ఫోన్ లైటు పట్టుకుని నిలబడిందీ ఆయనే. శుక్రుడు ఇళ్ల వెనక్కి దిగిపోయేలోపు వంక కాగితం మీదికి వచ్చేసింది. ఆమె వెంటనే దాన్ని ఫోటో తీసి పోటీకి పంపింది.

కింద మాబున్ని సిగ్గు చంపుకుని చెల్లెలికి మళ్లీ ఫోన్ చేసింది. తాను చూసింది చంద్రుణ్ణి కాదని చెప్పింది.

"నీకు కనపడకుంటే పాయెలే అక్కా," అంది షంషాద్. "సింహాద్రిపురంలో కనపడిందంట. గ్రూపులో అందరూ పెడతాండారు."

తాను పంపిన వార్తే తిరిగొచ్చిందని తెలియక, మరునాడు షంషాద్ ఒక్కతే ఉపవాసం ఉంది.