డ్రైవరు తల దొరికింది

కళ్ళద్దాల షాపుకి ఆ రోజు సెలవు. అల్లుడు పొద్దున్నే లేచి, పాత బనీను తగిలించుకుని, స్నానాలగదిని ఆక్రమించుకున్నాడు. అతని పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా కారుకి రంగు వెయ్యాలి. సాయంత్రం మామగారి పుట్టినరోజుకి దాన్ని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాలి.

చేతిలో అంటే నిజంగా చేతిలోనే. అది అరచేతంత ప్లాస్టిక్ కారు. ఎప్పుడో మామగారి పడుచుదనంలో తయారైన కిట్టు. పాత సామాన్ల కొట్లో సీలు కూడా విప్పని డబ్బాతో దొరికింది. డబ్బా మీద బొమ్మ చూడగానే అల్లుడి గుండె గంతేసింది. అచ్చం మామగారి కారే. బండ్లు బాగుచేసే షెడ్డు నడిపే మామగారు తన సొంత చేతులతో బతికించుకుంటూ వస్తున్న కారది. దాన్ని ఆయన కన్నబిడ్డల కంటే ఎక్కువగా చూసుకుంటారని అత్తగారి ఫిర్యాదు. కన్నబిడ్డలిద్దరూ కాదనరు.

అల్లుడి మీద మాత్రం ఆయనకి సదభిప్రాయం లేదు. పెళ్ళైన కొత్తలో అల్లుడు ఆ కారు తలుపు కాస్త గట్టిగా వేశాడు. అప్పట్నుంచీ, "మావాడు అద్దాలు తుడవడంలో దిట్ట" అని మాత్రమే చెబుతారు నలుగురిలో. ఆ మాట ఎలాగైనా మార్పించాలని అల్లుడి పంతం.

చిక్కల్లా రంగుతోనే వచ్చింది. మామగారి కారు ఎరుపు మామూలు ఎరుపు కాదు. పండుమిరపకాయ ఎండకి సొమ్మసిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కారు పక్కన పెట్టుకుని చుక్క చుక్క కలిపితే తప్ప అది రాదు. అందుకని ముందురోజు, "మీ అమ్మాయి స్కూటరు పాడైంది మామయ్యగారూ, ఒక్కరోజు కారు ఇస్తారా?" అని అబద్ధమాడాడు.

"బ్రేకు తొక్కకు. ముందే ఆలోచించుకుని ఆపు" అని చెప్పి తాళాలు ఇచ్చారాయన, పిల్లని అప్పగిస్తున్నట్టుగా.

రాత్రికల్లా రంగు కుదిరింది. పొద్దున్నే భార్య, "ఎలాగూ అబద్ధం ఆడారుగా, నిజం చేసేస్తాను" అంటూ ఆ కారులోనే ఆసుపత్రికి వెళ్ళిపోయింది. ఆమె అక్కడ నర్సు.

అల్లుడు గదిలో బల్ల మీద భాగాలన్నీ పరిచి ఒకసారి సరిచూసుకున్నాడు. అక్కడ మొదలైంది. పాత ప్లాస్టిక్కు అప్పడంలా పెళుసెక్కి ఉంది. ఎడమ తలుపు బిగించి చూడబోతే టప్పున ఊడింది. దాన్ని పట్టుకునే కంగారులో పట్టకారు నుంచి బంపరు ఎగిరి మాయమైంది. దానికోసం వంగితే మోచెయ్యి తగిలి, టోపీ పెట్టుకుని దర్జాగా కూర్చున్న డ్రైవరు బొమ్మ తల తెగి, మంచం కిందికి దొర్లిపోయింది. ముందు రంగు సంగతి చూద్దామని స్ప్రే గన్ను పట్టుకుని స్నానాలగదిలోకి వెళితే, దాని మూత సరిగా బిగియక మోచేతుల దాకా ఎరుపే.

అయినా బాడీకి రంగు అద్భుతంగా పట్టింది. సరిగ్గా అప్పుడే భార్య ఫోన్ చేసింది. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు.

స్నానాలగది కిటికీ పక్కనే మేడమెట్లు. పైవాటా పిన్నిగారు ఆ మెట్ల మీదే బట్టలు ఆరేస్తున్నారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చెవులు మాత్రం నిక్షేపం.

"ఏం చెప్పమంటావ్, తలుపు ఊడిపోయింది" అంటున్నాడు అల్లుడు. "బంపరు ఎగిరి ఎక్కడో పడింది... డ్రైవరా? తల తెగింది. మొండెం బాగానే ఉంది. తలే ఇంకా దొరకలేదు... దొరక్కపోతే మెడ మీద టోపీ పెట్టి కూర్చోబెట్టేద్దాం, అంత పట్టిపట్టి ఎవరు చూస్తారు? మీ నాన్నకి మాత్రం ఈ సంగతి పొక్కనివ్వకు."

పిన్నిగారి చేతిలోని దుప్పటి జారి కిందపడింది. ఆవిడ వీధిలోకి తొంగిచూశారు. నిన్న వచ్చిన ఎర్ర కారు అక్కడ లేదు. కిందికి దిగి పెరట్లో నిలబడేసరికి, అల్లుడు బాల్చీ కోసం బయటికొచ్చాడు. ఆవిణ్ణి చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బనీను నిండా ఎర్రటి మరకలు.

"ఏం బాబూ, అంతా కులాసాయేనా?"

"ఆఁ పిన్నిగారూ. చిన్న పని పడింది. సాయంత్రానికి ఆరిపోతే ఇక ఎవరికీ ఏమీ తెలియదు."

పిన్నిగారు మెట్లెక్కిన వేగానికి మోకాళ్ళ నొప్పులు కూడా ఆవిణ్ణి అందుకోలేకపోయాయి. ఆవిడ ఫోన్ చేసింది అత్తగారికి. అత్తగారు ఏడుస్తూ షెడ్డుకి పరిగెత్తారు.

"ఏమండీ, అల్లుడు కారు గుద్దేశాడట! డ్రైవరు తల తెగిందట! ఇంకా దొరకలేదట!"

మామగారు రెంచీ కింద పెట్టారు. "కారెలా ఉంది?"

"మనిషి తల పోయిందంటే కారెలా ఉందంటారేంటండీ!"

"అసలు నా కారుకి డ్రైవరెందుకు పెట్టాడు వాడు?" అంటూ ఆయన క్రేను బండి ఎక్కారు. పక్కన అత్తగారు, అంచున షెడ్డులోనే పనిచేసే బావమరిది. దారిలో బావమరిది అక్కకి ఫోన్ చేసి, "బావకి ఏదో అయింది, త్వరగా రా" అన్నాడు. అసలే నర్సు. ఏమైందని అడగడానికి కూడా ఆగకుండా బయల్దేరింది.

ఇంట్లో ఈలోగా తల దొరికింది. అల్లుడు ఊపిరి బిగబట్టి, దాన్ని మెడ మీద అంటించి, బొమ్మని సీట్లో కూర్చోబెట్టాడు. మంచం కాలి దగ్గర బంపరూ కనబడింది. ప్రాణం లేచొచ్చి ఈల కూడా వేశాడు. వెంటనే వీధితలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యి!" మామగారి గొంతు.

అల్లుడి ఈల ఆగిపోయింది. సాయంత్రం చూడాల్సినాయన ఇప్పుడే వచ్చేశారు! "ఒక్క అరగంట ఆగండి మామయ్యగారూ! ఇంకా తడారలేదు!"

"బాబూ, ఏం జరిగినా మేమున్నాం, తియ్యి నాయనా" అని అత్తగారు వెక్కారు.

బావమరిది తలుపు సందులో నోరు పెట్టి మెల్లగా అడిగాడు. "బావా, తల దొరికిందా?"

ఈ సంగతి వీడికెలా తెలిసిందా అని ఆశ్చర్యపోతూనే, అల్లుడు ఉన్నమాట చెప్పేశాడు. "దొరికింది! అంటించేశాను!"

బయట అత్తగారు గడప మీద చతికిలబడిన శబ్దం వినబడింది.

ఇక లాభం లేదని గడియ తీశాడు. అతని చేతులు చూసి, అప్పటికే మేడ దిగొచ్చి వాళ్ళ వెనక నిలబడ్డ పిన్నిగారు కెవ్వుమన్నారు. మామగారు ఎవర్నీ పట్టించుకోకుండా ఒక్కో గదీ దాటుకుంటూ స్నానాలగది గుమ్మం దాకా వెళ్ళి, ఠక్కున ఆగిపోయారు.

బోర్లించిన చెంబు మీద, తడి ఆరీ ఆరకుండా, ఆయన కారు. పక్కన పళ్ళెంలో నాలుగు చక్రాల మీద సీట్లు, స్టీరింగు, టోపీ పెట్టుకుని కూర్చున్న డ్రైవరు. వాడి తల కొద్దిగా పక్కకి వాలి ఉంది, ఎవరి మాటో ఆలకిస్తున్నట్టు.

మామగారు నెమ్మదిగా నేల మీద కూర్చున్నారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది నా ఎరుపే" అన్నారు. "ఈ ఎరుపు నాకే కుదర్లేదు. రెండుసార్లు కలిపి పారబోశాను. ఎలా పట్టావయ్యా?"

"చుక్క చుక్క కలిపానండీ" అన్నాడు అల్లుడు. తనని ఆయన 'అయ్యా' అనడం అదే మొదలు.

"మరి తల తెగిన డ్రైవరు..." అంది గుమ్మంలోంచి అత్తగారి గొంతు.

"వీడేనండీ" అని చూపించాడు. ముందు బావమరిది నవ్వాడు. ఆ తర్వాత అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. చివరికి అందరూ గోడలు పట్టుకుని నవ్వారు. పిన్నిగారు, "నేను ముందే అనుకున్నా, ఇలాంటిదేదో అయ్యుంటుందని" అన్నారు. అప్పుడే భార్య రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. మొగుడి చేతులు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "రంగేగా!" అని భుజం మీద ఒక్కటేసింది.

మామగారి ఆనందానికి హద్దుల్లేవు. "ఇది అద్దాలు తుడిచే చెయ్యి కాదు, పనిమంతుడి చెయ్యి" అని వీధికంతా వినబడేలా ప్రకటించారు. ఇంతలో బయట ఎవరో హారన్ కొట్టారు. క్రేను బండి సందుకి అడ్డంగా ఉందట.

"నేను తీస్తా నాన్నా" అన్నాడు బావమరిది.

"కూర్చోరా. ఈ రోజు నాకు పాతికేళ్ళు" అంటూ ఆయన హుషారుగా బండెక్కి, గేరు వేసి, వెనక్కి చూడకుండా వెనక్కి పోనిచ్చారు.

కూతురు హడావుడిలో కారుని క్రేను వెనకే ఆపి వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఆమె నోరు తెరిచేలోపే పెద్ద చప్పుడైంది. తలుపు లోపలికి నొక్కుకుపోయింది. బంపరు ఊడి, కాసేపు ఊగిసలాడి, కాలవలో పడింది.

అందరూ అలవాటు కొద్దీ అల్లుడి వైపు చూశారు.

మామగారు దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, నొక్కుమీద చెయ్యి వేసి నిమిరారు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారని అత్తగారు కంగారుపడ్డారు. తీరా చూస్తే నవ్వు. కాలవ అంచున కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఆ రంగు ఇంకా మిగిలిందా అల్లుడూ?" అని అడిగారు.

"అరసీసా ఉందండీ."

"జాగ్రత్తగా పెట్టు. పనుంది."

బావమరిది నాన్న కారుని నాన్న క్రేనుకే తగిలించి షెడ్డుకి ఈడ్చుకెళ్ళాడు. కాసేపటికి మామగారు, ఒక చేత్తో చిన్న కారుని పసిపాపలా పట్టుకుని, షెడ్డు గుమ్మంలో నిలబడి, ఎన్నడూ లేనంత వినయంగా అడిగారు.

"ఎప్పటికవుతుందిరా?"

కొడుకు బానెట్ లోంచి తల ఎత్తకుండానే, షెడ్డు పెట్టిన నాటి నుంచి ప్రతి బండి యజమానికీ మామగారు చెబుతూ వచ్చిన మాటే చెప్పాడు: "రేపు రండి."