అటువైపు నుంచి తీసిన ఫొటో

పేరుకు పెద్ద అడవే గానీ, అందులో బడి ఒక్కటే, టీచరూ ఒక్కరే. ఆవిడ తాబేలు, పేరు కూర్మమ్మ. మడుగు గట్టున బడి, మడుగులోనే కాపురం.

ఆ నెల పిల్లలకు గ్రాఫు చెప్పాలి. నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు. కూర్మమ్మ ఇసుకలో ఒక అడ్డగీత గీయించింది.

"రోజూ పొద్దున్నే మడుగులో ఒకేచోట రెల్లుపుల్ల ముంచండి. తడిసినంత మేర ఉంచి, మిగతాది కొరికేసి, ఈ గీత మీద వరసగా గుచ్చండి" అంది.

కొరికే పని కుందేలు పిల్లలు తీసుకున్నాయి, గుచ్చే పని కోతి పిల్లలు. లెక్కలనగానే చెట్టెక్కి కూర్చునే కోతులు కూడా, బడి వదిలాక ఇంటికి పోమని మొరాయించేవి.

పన్నెండు పుల్లలయ్యాయి. ఎడమ నుంచి కుడికి ఒకదానికంటే ఒకటి పొట్టి.

"టీచర్, ఇలాగే తగ్గితే ఇంకో పది పుల్లలకి మడుగే ఉండదు" అంది కుందేలు పిల్ల.

లెక్క సరిగ్గా చేసినందుకు మెచ్చుకోవాలో, ఇల్లు ఎండిపోతోందని ఏడవాలో కూర్మమ్మకు తెలియలేదు. కారణం మాత్రం అందరికీ తెలుసు. సింహం రాజుగారి కొత్త ఈతకొలనుకి ఈ మడుగు నుంచే కాలువ తవ్వారు.

సరిగ్గా అప్పుడే బడుల తనిఖీ అధికారి నక్క జంబునాథం దిగాడు, చంకలో ట్యాబు పెట్టుకుని. రాజుగారు చదువును ఆధునికం చేశారట. చేయడమంటే మరేం లేదు, పిల్లలు చేసిన పనిని టీచరు రోజూ పది గంటల్లోపు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. పిల్లలకు చదువు వచ్చిందా అని యాప్ అడగదు, ఫొటో వచ్చిందా అనే అడుగుతుంది. గ్రాఫు పైకి పోతే ఆకుపచ్చ చుక్క, కిందికి వస్తే ఎర్రచుక్క.

కూర్మమ్మ పుల్లల ఫొటో తీసింది. ట్యాబు కుయ్యిమని ఎర్రచుక్క చూపించింది.

"ఏంటమ్మా ఇది? మీ బడి దిగజారిపోతోంది" అన్నాడు జంబునాథం.

"బడి కాదు సార్, మడుగు. పది రోజుల నీళ్ళే ఉన్నాయి. కాలువ మూయించమని రాజుగారితో చెప్పండి."

"రాజుగారికి ఎర్రచుక్క చూపించమంటారా? నాకూ పిల్లాపాపా ఉన్నారమ్మా."

పుల్లల చుట్టూ ప్రదక్షిణ మొదలుపెట్టాడు. అవతలివైపు ఆగి, ఒక కన్ను మూసి చూసి, ముసిముసిగా నవ్వాడు. అటు నుంచి చూస్తే పొట్టిపుల్ల మొదట్లో, పొడుగుపుల్ల చివర్లో, మెట్లెక్కినట్టుంది. అక్కడి నుంచే ఫొటో తీశాడు. ఆకుపచ్చ చుక్క వచ్చింది.

"పుల్ల ముట్టుకున్నానా? లేదు. అబద్ధం రాశానా? లేదు. నిలబడే చోటు మార్చానంతే. టెక్నాలజీని సృజనాత్మకంగా వాడుకోవాలమ్మా. మీకు శిక్షణ చాలలేదు."

కూర్మమ్మకు ఒళ్ళు మండింది.

"సార్, మీ ఫొటోలో రోజులు వెనక్కి నడుస్తున్నాయి" అంది.

అప్పటికే ఫొటో 'మడుగు నీటి గ్రాఫు' అన్న పేరుతో రాజుగారికి చేరిపోయింది.

రాజుగారు మురిసిపోయారు. మడుగులో నీళ్ళు పెరుగుతుంటే వాడుకోకుండా ఉంచడమెందుకని కాలువ వెడల్పు రెండింతలు చేయించారు. నీళ్ళు పెంచిన ఘనుడు కాబట్టి జంబునాథాన్నే నీటి అధికారిగా వేసి, కొలను నింపే పూచీ కూడా అప్పజెప్పారు. జంబునాథం దండ వేయించుకుని వంగి వంగి దండాలు పెట్టాడు.

మర్నాటి పుల్ల ఒక్కసారిగా మూడోవంతు తగ్గిపోయింది.

"పది కాదు టీచర్, రెండే" అంది కుందేలు పిల్ల.

కూర్మమ్మ ఈసారి ఏడవలేదు. పుట్టి పెరిగిన మడుగును ఒకసారి కళ్ళనిండా చూసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని కొండవతలి ఏటికి బయల్దేరింది. ఆవిడ నడక సంగతి తెలుసు కాబట్టి పిల్లలు ప్రతి మలుపులోనూ ఆగి కూర్చున్నాయి.

మూడోరోజు పొద్దున ఈతకొలనులో రాజుగారి తోకకు బురద అంటింది. ఆ గర్జనకు జంబునాథం దండతో సహా మడుగుకు పరుగెత్తాడు. మడుగు బీటలు తీసి ఉంది. బడి లేదు, పిల్లలు లేరు. పడుతూ లేస్తూ పోయి కొండ మలుపులో కూర్మమ్మను అందుకున్నాడు.

"టీచరమ్మా, రాజుగారు నా తోలు ఒలిచేస్తారు. నీళ్ళు ఎలా తెప్పించాలో చెప్పండి" అని కాళ్ళమీద పడ్డాడు.

"మడుగు అవతలి గట్టుకు వెళ్ళి నిలబడి చూడండి సార్" అంది కూర్మమ్మ, నడక ఆపకుండానే.

పాపం, నిజంగానే వెళ్ళి నిలబడ్డాడు. అటు నుంచీ బీటలే కనిపించాయి. చంకలో ట్యాబు మాత్రం కుయ్యిమంది, ఈరోజు ఫొటో అందలేదని.

నీతి: గ్రాఫు దిగుతోందని బెంగపడకండి, అటువైపు వెళ్ళి నిలబడితే చాలు, దాహమేసినప్పుడు మాత్రం ఇటువైపు వాళ్ళు ఏ దారిన పోయారో కనుక్కోండి.