బల్లకాలి కింద ఫైలు

ఆ పొద్దున అటెండరు వేసుకున్న పథకం చిన్నదే. పందొమ్మిదేళ్ళ టెంపరరీ ఉద్యోగాన్ని పర్మినెంటు చేసే ఫైలు ఎట్టకేలకు పైఅధికారి గదికి చేరింది. దాని మీద సంతకం పెట్టించుకోవాలి. వచ్చే నెలాఖరుకు పర్మినెంటుకు అతని వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఆ ఫైలు చిత్తుకాగితమే.

"ఇవాళైనా అవుతుందా, మళ్ళీ రేపేనా?" అంది పెళ్ళాం టిఫిను డబ్బా చేతికిస్తూ.

"సంతకం ఒక్కటేనే. పెన్ను కూడా నేనే పట్టుకెళ్తున్నా."

రాష్ట్రంలో శాఖలన్నీ కంప్యూటర్లు ఎలా వాడాలో దారి చూపించే కార్యాలయం అది. అంత గొప్ప కార్యాలయంలో పైఅధికారి బల్లకు ఒక కాలు పొట్టి. అర్జెంటు కాగితమేదో సంతకం చేయబోతే బల్ల ఊగి గీత పక్కకు పోయింది.

"ముందు దీని కింద ఏదన్నా పెట్టవయ్యా! తర్వాత నీది చూస్తా."

అటెండరు చుట్టూ చూశాడు. అన్నీ కంప్యూటర్లోకి పోయాయి. గదిలో ఉన్న కాగితం ఫైలు తనదొక్కటే. రెండు నిమిషాలే కదా అని దాన్నే కాలి కింద దూర్చాడు.

మూలన సాఫ్ట్‌వేరు కంపెనీ అమ్మాయి కూర్చుని ఉంది. కొత్త సాఫ్ట్‌వేరు కోసం ఫైళ్ళ పని ఎలా జరుగుతుందో చూసింది చూసినట్టు రాసుకోవాలి, సొంత తెలివి కలపకూడదు. అది ఈ కార్యాలయం పెట్టిన రూలే.

"ఎంతసేపు ఉంచుతారు బాబాయ్?"

"సారు లేచేదాకా అమ్మా."

ఆమె రాసుకుంది. ఫొటో కూడా తీసుకుంది. ఈలోగా సారుకు ఫోనొచ్చి, లేచి మీటింగుకు పోయాడు. తీస్తే బల్ల మళ్ళీ ఊగుతుందని ఫైలు అక్కడే ఉండిపోయింది.

పదిహేను రోజుల్లో కొత్త సాఫ్ట్‌వేరు అన్ని శాఖలకూ వెళ్ళింది. 'ఫైలు బల్లకాలి కింద ఉంచారా?' అని అడుగుతుంది. లేదంటే ఫైలు ముందుకు కదలదు, అవునంటే ఫొటో అడుగుతుంది. జనం కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళను అచ్చు తీసి మరీ బల్లల కింద పెట్టారు.

"అయ్యా, మాది ఇనప బల్ల, ఫైలు పట్టేలా కాలు కోయడానికి రంపం ఆడట్లేదు" అని ఒక ఆఫీసు నుంచి ఫోను.

"తప్పయిందని చెప్పేద్దామా సార్?" అంది అమ్మాయి.

"దారి చూపించేవాళ్ళమే దారి తప్పామంటే ఎట్లా?" అని పైఅధికారి ఆర్డరు తీశాడు. ప్రతి ఆఫీసులో ఒక బల్లకాలు అంగుళం తగ్గించవలెను.

అటెండరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, నా ఫైలు..."

"అది నీ ఫైలేమిటయ్యా ఇంకా? రాష్ట్రానికే నమూనా. ఊళ్ళ నుంచి వచ్చి చూసిపోతున్నారు. దాన్ని కదిపావంటే ఉద్యోగం ఊడుతుంది."

"ఉద్యోగం దాంట్లోనే ఉంది సార్."

నెలాఖరు వచ్చింది. వయసు దాటినందుకు అతన్ని పనిలోంచి తప్పించే కాగితం మీద పైఅధికారి సంతకం పెట్టాడు, అదే బల్ల మీద, అటెండరు అందించిన పెన్నుతో.

బల్ల ఈసారి వెంట్రుకవాసి కూడా ఊగలేదు.